పడవను లాగే జీపు

ఆదివారం

జీపు దొరికింది. పాతదే, డీజిల్‌ది, నాలుగు చక్రాలూ లాగేది. ఇక నా పడవ పులికాట్ సరస్సుకు పోతుంది.

పుట్టిన సరస్సు ఒడ్డు వదిలి చంద్రగిరికి వచ్చి ముప్పై ఏళ్లు. ఆ ఉప్పు గాలి ముఖానికి తగిలి ఎన్నాళ్లయిందో. పెరట్లో మూడేళ్లు కూర్చుని పడవ కట్టాను గానీ, దాన్ని లాగే బండి సంగతే ఆలోచించలేదు. ఒడ్డునే ఉంటున్న మా అన్న ఫోన్‌లో ఒకటే నవ్వు. "నీళ్లు లేని ఊర్లో పడవేందిరా?"

ఈరోజు తిరుపతిలో, పాత బండ్లు అమ్మే షెడ్డులో మెరిసే ఎర్ర జీపు చూసి అక్కడే నిలబడిపోయాను. మా అమ్మాయి సరళ బానెట్ మీద చెయ్యి పెట్టింది.

"కాలతా ఉండాది నాయనా. చల్లగా ఉంటే స్టార్ట్ కాదని ముందే తిప్పి పెట్టినాడు."

"ఎండకు కాగిందమ్మా" అన్నాడు అమ్మేవాడు.

"రేకుల కింద ఎండ యాడిదన్నా?"

ఆయన నవ్వేసి, మూలనున్న రంగు పోయిన జీపు చూపించాడు. చల్లటి ఇంజనే ఒక్క తిప్పుకు పలికింది. పడవంత బరువు ఇసుక మూటలు ట్రైలర్‌లో వేసి తగిలిస్తే, స్వర్ణముఖి ఏటి తడి ఇసుకలోంచి నిదానంగా గట్టెక్కింది. నా తల్లే అనుకున్నాను.

గెడ వేసి పడవ నడపడం ఈ చేతులకు ఇంకా గుర్తుందో లేదో...

చెప్పాల్సినవాళ్లు: నగరి చెల్లెలు, చిత్తూరు బావమరిది, కార్వేటినగరం చిన్నత్త. అన్నకు మాత్రం ఫోన్ చెయ్యను. ఆయన ఇంటి ముందు నీళ్లలో, పడవలో నిలబడి పిలుస్తాను.