రెబెక్కమ్మగారి ఉపవాసం

విజయవాడ, 12-10-78

అమ్మా, ఒంట్లో బాగానే ఉంది, బెంగపడకు. నిన్న నేను వంట చేసే ఇంట్లో యూదుల పెద్ద పండగ. పెద్దావిడ రెబెక్కమ్మగారికి దండం పెట్టి పాయసం ఇచ్చాను. “ఇది తీపి తినే పండగ కాదు శౌరీ. ఉపవాసం ఉండి తప్పులకు క్షమాపణ అడిగే రోజు. మీ నాయనమ్మ చివరిచూపుకు నిన్ను పంపలేదు, క్షమించు” అని నా చేతులు పట్టుకున్నారు. పాయసం గిన్నె తీసుకుని వంటింట్లోకి వచ్చేశాను. చీకటి పడ్డాక మంచినీళ్లిచ్చి “తాగండమ్మా” అన్నాను. ముందురోజు సాయంత్రం నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టని మనిషితో క్షమించానన్న ఒక్క మాట అనలేకపోయానే అని ఇప్పుడు బాధగా ఉంది.

ఆవు ఈనిందా? వచ్చే నెల రెండున ఆత్మల పండక్కి సెలవిచ్చారు, వస్తాను. ఈలోగా నాయనమ్మ సమాధికి సున్నం వేయించు. నాన్నకు దండాలు, చెల్లికి దీవెనలు. నాయనమ్మయితే రెబెక్కమ్మగారితో ఏమనేదో రాయి.

నీ శౌరమ్మ