సోఫియా తెచ్చిన నిమ్మరసం

నర్సీపట్నం, సోమవారం

ప్రేమావతి గారికి నమస్కారం.

మీరు ఫోన్ ఎత్తడం లేదు గనుక సోఫియా చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఇంట్లో వాడే వాటికి నీళ్లు కలిపి పులుపు కొలిచే ప్రయోగానికి మీ అమ్మాయి నిమ్మరసం తెచ్చింది. రీడింగులు చూశాక మీతో మాట్లాడక తప్పదనిపించింది. శుక్రవారం స్కూలుకి రండి.

ఇట్లు,
రాజేశ్వరి, సైన్స్ టీచర్

తా.క. హెచ్చెమ్ గారు కూడా చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

మంగళవారం

టీచర్ గారికి వందనాలు.

పిల్లని ఏమీ అనకండి. ఫ్రిజ్‌లోంచి ఏ సీసా పట్టుకొచ్చిందో నాకిప్పుడు అర్థమైంది. తప్పు నాది. మా ఆయన నతానియేల్ మీ ఉత్తరం చదివి "ఏటి సేసేవే?" అంటే తల ఎత్తలేకపోయాను. ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉంచండి.

తలదించుకుని,
ప్రేమావతి

బుధవారం

ప్రేమావతి గారికి,

మనిద్దరి మధ్యే ఎలా ఉంటుందండీ? అసెంబ్లీలో మైకులో చెప్పాలని హెచ్చెమ్ గారి పట్టుదల. నేను వద్దన్నా వినలేదు. మీ చర్చి పెద్ద సామ్యేలు గారినీ పిలిచారు.

రాజేశ్వరి

తా.క. ఫోటోలు తీస్తారట. మంచి చీర కట్టుకోండి.

గురువారం

టీచర్ గారికి,

ఇంక దాచను. చర్చిలో కోత పండుగ షర్బత్తుకని సామ్యేలు గారు ఏటా తన చెట్టు నిమ్మకాయలు రెండొందలు ఇస్తారు. ఆరేళ్లుగా నేను కలిపేది కొట్లో దొరికే పుల్లటి నిమ్మ ఉప్పు, పంచదార. కాయలన్నీ ఊరగాయ పెట్టేశాను. పోయినేడు మీకిచ్చిన జాడీ కూడా అదే. పాస్టరు గారు నా చేతి రుచి మెచ్చుకున్నప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. మిగిలిన షర్బత్తే సోఫియా తెచ్చుంటుంది. పిల్ల పేరు మాత్రం మైకులో చదవకండి.

మీ దయ కోరే,
ప్రేమావతి

తా.క. సామ్యేలు గారికి నిన్ననే చెప్పేశాను. అరుగు మీద చతికిలబడ్డారు. తర్వాత "ఊరగాయ ఏమైనా మిగిలిందేటమ్మా?" అన్నారు.

గురువారం సాయంత్రం

ప్రేమావతి గారికి,

మిమ్మల్ని పిలిచింది సోఫియాకి మొదటి బహుమతి వచ్చిందని. నీళ్లు ఎన్ని పాళ్లు కలిపినా దాని లెక్క అచ్చం పుస్తకంలో ఉన్నట్టే వచ్చింది. ఎందుకు రాదు? సోఫియా ఇచ్చి వెళ్లిన సీసా, పిల్లలు ప్రయోగానికి రాకముందే నా చెయ్యి తగిలి పగిలింది. పిల్ల ఏడుస్తుందని కొట్టు నుంచి నిమ్మ ఉప్పు తెచ్చి, తూచి, నీళ్లలో కలిపి, సోఫియా పేరే అంటించాను. గాజుపెంకులు ఊడుస్తుంటే నాలుగు నిమ్మగింజలు దొరికాయి. మీ అమ్మాయి తెచ్చింది మీ షర్బత్తు కాదు, తనే పిండుకొచ్చిన అసలు నిమ్మరసమేనండీ.

రేపు ఆ మైకు ముందు నేనే నిలబడి ఈ మాట చెప్పాలి. నాకు భయంగా ఉంది. మీరు సామ్యేలు గారి ముందు ఒకసారి చెప్పినవారు కదా, పక్కన నిలబడండి.

మీలాంటిదే,
రాజేశ్వరి

తా.క. సోఫియాతో మళ్లీ నిమ్మరసం పంపండి. ఈసారి నేను ముట్టుకోను.