కనుమ దగ్గర రెండు వందలు

జూన్ 4, బుధవారం

విమానం వర్క్‌షాప్ నుంచి బయటికొచ్చింది. కొత్త టైర్లు రెండు, ఎత్తు చూపించే కొత్త ఆల్టిమీటర్ ఒకటి.

పాత ఆల్టిమీటర్‌ని కొత్త ఇంజినీర్ ఒక్క పూటలో పట్టేశాడు. నేను పొద్దున్నే రేడియోలో చెప్పే ప్రెషర్‌ని దాని చిన్న కిటికీలో పెడితే, ముల్లు మా రన్‌వే ఎత్తు చూపించాలి. అంటే 312 అడుగులు. అది 212 చూపించింది. 75 అడుగులకు మించి తేడా ఉంటే ఎగరకూడదని రూలు. ఇన్నేళ్ళూ ఎలా ఎగిరారండీ అని అడిగాడు. మీ ముసలమ్మ వయసు తగ్గించి చెప్పుకుంటోంది అని ఆయనే నవ్వేశాడు. ఆ నాలుగు సీట్ల విమానాన్ని మా ఫ్లయింగ్ క్లబ్బులో అందరూ ముసలమ్మ అనే పిలుస్తారు.

ఎలా ఎగిరారో నాకు తెలుసు. ఇక్కడ ఎవరూ కిటికీలో నంబర్ చూడరు. ముల్లు 312 మీదికి వచ్చేదాకా నాబ్ తిప్పుతారు, అంతే. అలా నేర్పింది మా అన్నయ్య. నేల మీద దాంతో సర్దుకుపోయేది. పైకి వెళ్ళేకొద్దీ ముల్లు మళ్ళీ వెనకబడేది. కొండల్లో కనుమ దాటే చోటికి వచ్చేసరికి రెండు వందల అడుగులు తక్కువ చూపించేది. అందుకని తన దగ్గర నేర్చుకున్న ప్రతివాళ్ళకీ అన్నయ్య ఒకటే చెప్పేవాడు, కనుమ దగ్గర రెండు వందలు కలుపుకోండి అని.

ఇక కలపక్కర్లేదు.

జూన్ 5

అన్నయ్యకి చెప్పాను. కొత్తది సరిగ్గా చూపిస్తుంది, ఏమీ కలపొద్దు అని. తెలుసులేరా అన్నాడు. బోర్డు మీద అంటించిన కాగితం కింద సంతకం కూడా పెట్టాడు.

జూన్ 9

పెట్రోలు 140 లీటర్లు. కుర్ర పైలట్లు ఇద్దరూ ముసలమ్మను కనుమ దాకా తీసుకెళ్ళి వచ్చారు. మొదటిసారి ఆ రెండు వందల మాట నోటిదాకా వచ్చింది అంకుల్, రెండోసారి రాలేదు అన్నాడు పొడుగువాడు. వాళ్ళు కలిపింది ఏడాదిన్నర. అన్నయ్య కలిపింది పాతికేళ్ళు.

జూన్ 12, గురువారం

వానలు మొదలయ్యాయి. ప్రతి గురువారం లాగే అన్నయ్య డాక్టరమ్మను కొండ మీది ఆస్పత్రికి తీసుకెళ్ళి తెచ్చాడు. రోడ్డు మీద అయితే రోజంతా పట్టే దారి.

టీ తాగుతూ డాక్టరమ్మ చెప్పింది. కనుమ మీద అడవి కాపలావాడి మంచె ఉందట, దాని మీద గళ్ళ చొక్కా ఆరేశాడట. పై గుండీ లేదు పాపం, ఎవరైనా కుట్టిపెడితే బాగుండు అంది. పోయినేడాది ఆ మంచె అగ్గిపెట్టెంత కనిపించేదట. డాక్టరమ్మ కళ్ళజోడు మార్చింది కదా, అందుకే లోకం దగ్గరికొచ్చింది అన్నాడు అన్నయ్య. అందరూ నవ్వారు.

నేనూ నవ్వాను.

జూన్ 13

గుండీ గురించే ఆలోచిస్తున్నాను.

నేను చదువుకున్నది తక్కువ. క్లబ్బులో పెట్రోలు లెక్క, ఎగిరిన గంటల లెక్క రాయడానికి వచ్చి, పాత పుస్తకాలు ముందేసుకుని నా అంతట నేను నేర్చుకున్నదే ఇదంతా. ఆల్టిమీటర్‌కి నేల కనపడదు. దానికి తెలిసేది గాలి బరువు ఒక్కటే. దాన్నే ఎత్తుగా మార్చి చెప్తుంది. గాలి తేలికపడితే తాను పైకి వచ్చాననుకుంటుంది. ఆ బరువు ఒక మిల్లీబార్ తగ్గితే దాదాపు ముప్పై అడుగులు. నిన్న ఇక్కడ ప్రెషర్ 1006. మబ్బు పట్టిన కొండల వైపు ఒక అయిదు తక్కువ ఉండి ఉంటే, డయల్ చెప్పినదానికంటే మనిషి నూట యాభై అడుగులు కిందే ఉంటాడు.

కనుమ మీద చెట్ల చివర్లు 3,900. డయల్ మీద 4,400 లేకపోతే వెనక్కి తిరగాలని క్లబ్బు రూలు. ఐదు వందల్లో నూట యాభై పోయినా ఇంకా మూడు వందల యాభై మిగలాలి. అంత ఎత్తు నుంచి చొక్కా కనపడుతుందేమో. గుండీ లేదని కనపడదు.

జూన్ 16

కొండ మీది రన్‌వే పక్కన రాతి మీద ఎత్తు చెక్కి ఉంటుంది. 2,860. ఈసారి దిగాక డయల్‌ని ఫోన్లో ఫొటో తీసుకురమ్మని డాక్టరమ్మను అడిగాను. ఎందుకని అడిగింది. ఊరికే అన్నాను. మీ అన్నదమ్ములిద్దరూ మాటలు తూకం వేసి వాడతారు అంది.

జూన్ 19, గురువారం

ఆకాశం తేటగా ఉంది. ఇక్కడా అక్కడా ప్రెషర్‌లో తేడా ఉండే రోజు కాదు.

ఫొటోలో 2,880 ఉంది. ఇరవై అడుగులు లెక్కలోకే రావు. ఆల్టిమీటర్ బాగానే ఉంది.

అది చెడిపోయి ఉంటే బాగుండేదనిపించింది.

జూన్ 22, ఆదివారం

భోజనానికి అన్నయ్య ఇంటికి వెళ్ళాను. తిన్నాక చెప్పాను. చొక్కా సంగతి, ఫొటో సంగతి, కనుమ దగ్గర ఇంకా రెండు వందలు కలుపుతున్నావేమో అన్న సంగతి. ఇవన్నీ ఒక్క ఊపిరిలో చెప్పడం నాకు కొత్త.

అన్నయ్య చేతులు తుడుచుకుంటూ విన్నాడు. నాకు అంత మతిమరుపు వచ్చిందంటావా అన్నాడు. లేదన్నాను. మరి? అన్నాడు. మరేంటో నాకూ తెలియదన్నాను. పెట్రోలు లెక్క చూసుకోరా, నా ఎత్తు లెక్క నేను చూసుకుంటాను, మన ఇద్దరికీ తలా ఒక పని ఇచ్చారు కదా అన్నాడు. కోపంగా అనలేదు. అదే కష్టంగా ఉంది. నాన్న పోయినప్పుడు నాకు పదకొండేళ్ళు. గేజ్ మీద ముల్లు ఎలా చదవాలో నా వేలు పట్టుకుని నేర్పింది అన్నయ్యే.

గేటు దాకా వదిన వచ్చింది. అంతా విందట. మేనేజర్‌కి చెప్తే ఏమవుతుంది అని అడిగింది. అరవై మూడేళ్ళు కదా, కూర్చోబెట్టేస్తారు అన్నాను. చెప్పకపోతే? అంది. నేను గేటు గడియ తీశాను. ఏది చేసినా చెయ్యి కానీ, చెయ్యమని నా నోటితో మాత్రం అనిపించకు బాబూ అంది.

జూన్ 24

మేనేజర్ గది దాకా వెళ్ళి, ఆయిల్ డబ్బాల గురించి అడిగి వచ్చేశాను.

జూన్ 26, గురువారం. ఉదయం 6

1003. నిన్నటికంటే తగ్గింది. కొండల వైపు నల్లగా ఉంది.

ఆస్పత్రిలో బరువు తూచే మిషన్ పాడైందట, నేను చూస్తానని డాక్టరమ్మకి చెప్పాను. వెనక సీటు ఖాళీగానే ఉంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను విమానం ఎక్కింది మూడుసార్లు. ఏరా, రిటైరయ్యే ముందు సరదా తీర్చుకుంటున్నావా అన్నాడు అన్నయ్య.

అదే రోజు, మధ్యాహ్నం

ఇప్పుడే రాయాలి.

ఎడమవైపు అన్నయ్య, కుడివైపు డాక్టరమ్మ, వెనక నేను, నా పక్కన మందుల పెట్టె. వాళ్ళిద్దరి భుజాల మధ్యనుంచి డయల్ కనిపిస్తోంది. అరగంట దాకా ఏమీ లేదు. అన్నయ్య నడుపుతుంటే గాలిలో ఉన్నట్టే ఉండదు. నేను అనవసరంగా అనుమానపడ్డానేమో అనిపించింది. సిగ్గేసింది కూడా.

కనుమ కనిపించింది. దాని మీద మబ్బు మూత పెట్టినట్టు ఉంది. మూతకీ కొండకీ మధ్య సందులోంచి అవతలి వెలుగు సన్నటి గీతలా ఉంది. అన్నయ్య మబ్బును ఆనుకుని కిందుగా పోనిచ్చాడు. డయల్ మీద చిన్న ముల్లు నాలుగు దాటింది. పెద్ద ముల్లు రెండు మీద ఉంది. 4,200.

హెడ్‌సెట్లో అన్నయ్య గొంతు. నాలుగు వేల నాలుగు వందలు, వెళ్ళొచ్చు అని డాక్టరమ్మకి చెప్తున్నాడు. తడబాటు లేదు. ఆయన చూపు డయల్ మీదే ఉంది. చూసే చదివాడు.

అన్నయ్య మాటకి నేను ఎన్నడూ అడ్డు చెప్పింది లేదు. మైకు నోటి దగ్గరికి లాక్కున్నాను.

“అన్నయ్యా, ఆ రెండు వందలు ఇప్పుడు లేవు.”

కదల్లేదు. వినపడలేదేమోనని మళ్ళీ అన్నాను, ఇంకొంచెం గట్టిగా. డాక్టరమ్మ వెనక్కి తిరిగి నా మొహం చూసింది. ఆమె నవ్వు ఆగిపోవడం చూశాను. పైకి వెళ్దామంటే మబ్బు. అన్నయ్య భుజం బిగుసుకుంది. విమానాన్ని ఎడమకి వాల్చి తిప్పేశాడు.

అక్కడ లోయ ఇరుకు. రెక్క కింద చెట్లు లేచి నిలబడ్డాయి. గాలికి తిరగబడ్డ ఆకుల అడుగు వైపు తెల్లగా కనిపించింది. మంచె మా పక్కనుంచి వెళ్ళింది. దాని మీద ఒక మనిషి ఉన్నాడు. మమ్మల్ని చూడటానికి అతను తల ఎత్తలేదు. ఎదురుగా చూశాడు.

తిరిగొచ్చేశాం. దిగాక డాక్టరమ్మ మందుల పెట్టెను తానే మోసుకుంటూ వెళ్ళి జీపు మాట్లాడుకుంది. ఈ రాత్రికి గానీ చేరదు.

జూన్ 27

అన్నయ్య మాట ప్రకారం తాను అన్నది నాలుగు వేల రెండు వందలేనట. మబ్బు ఇంకా దిగుతోందని వెనక్కి తిప్పాడట. ఆ చప్పుడులో మీరు తప్పు విన్నారు అంటున్నాడు. డాక్టరమ్మ ఫోన్ చేసి తానూ నాలుగు వందలే విన్నానని చెప్పింది. అయితే డయల్ మీద అదే ఉండి ఉంటుంది, ఆ కొత్తది అంకెలు మారుస్తోంది, పరీక్ష పెట్టించండి అని మేనేజర్‌తో అన్నాడట.

అబద్ధం ఆడటం లేదు. అన్నయ్య అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. నాకు తెలుసు.

జూన్ 30, సోమవారం

వర్క్‌షాప్‌లో పరీక్ష. ఇంజినీర్, అన్నయ్య, నేను.

గాజు మూత ఉన్న ఇనుప పెట్టెలో ఆల్టిమీటర్ పెట్టారు. పంపుతో లోపలి గాలి తీసేస్తుంటే ముల్లు పైకి లేస్తుంది, విమానం ఎక్కుతున్నట్టే. పక్కనే ఇంజినీర్ నమ్మే గేజ్ ఒకటి. దాన్ని నాకు కనపడకుండా అటు తిప్పుకోండి బాబూ, మళ్ళీ చూసి చెప్పాననుకుంటారు అన్నాడు అన్నయ్య. ఇంజినీర్ తన గేజ్ చూసి చెప్పాలి, అన్నయ్య డయల్ చూసి చెప్పాలి, ఇద్దరూ ఒక్కసారే.

వెయ్యి అన్నారు ఇద్దరూ. రెండు వేలు. మూడు వేలు. మూడు వేల ఐదు వందలు. ఇద్దరి గొంతులూ ఒక్కటిగా వినిపిస్తుంటే, చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు ఉంది. ఆ తర్వాత ఇంజినీర్ నాలుగు వేల రెండు వందలు అన్నాడు. అన్నయ్య నాలుగు వేల నాలుగు వందలు అన్నాడు.

అని, నా వైపు తిరిగాడు. చూశావా, తేడా వచ్చిందా లేదా అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

ఇంజినీర్ పంపు ఆపి, లోపలికి గాలి పోకుండా మర బిగించేశాడు. స్క్రూడ్రైవర్ తీసుకుని దాన్నే పరీక్షగా చూస్తూ కూర్చున్నాడు. చిన్నవాడే కానీ పెద్ద మనసు.

మళ్ళీ ఒకసారి చూడన్నయ్యా అన్నాను.

అన్నయ్య వంగి చూశాడు. పెట్టె బిగించి ఉంది కాబట్టి ముల్లు ఎక్కడిదక్కడే ఉంది. పెద్ద ముల్లు రెండు మీద. కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ముల్లు కదల్లేదు.

“ఒరేయ్, నేను నాలుగు వందలు అన్నానా?”

“అన్నావు.”

అప్పుడు ఇంజినీర్ నోరు విప్పాడు. ఇలా చాలామందికి జరుగుతుంది సర్, పక్కన ఇంకో పైలట్‌ని పెట్టుకుని పదిసార్లు ఎగిరితే పోతుంది అన్నాడు. ఆయన ఓదార్పుకి అనలేదు, తెలిసే అన్నాడు. అన్నయ్య తల ఊపాడు.

“చూపు తప్పితే దిద్దుకుంటాను బాబూ. నేను కలుపుతున్నది నాకే తెలియలేదు.”

నన్ను ఇంటికి తీసుకెళ్ళమన్నాడు. స్కూటర్ వెనక కూర్చుని నా భుజం పట్టుకున్నాడు. ఎప్పుడూ పట్టుకోడు.

జూలై 1

అన్నయ్య మేనేజర్ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. కాసేపటికి బయటికొచ్చి, తన హెడ్‌సెట్ పొడుగు కుర్రాడి చేతిలో పెట్టి, చెవులకి బిగుతుగా ఉంటుంది, నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది అన్నాడు. నా బల్ల ముందునుంచి వెళ్తూ ఆగలేదు.

జూలై 3, గురువారం

1004. పొడుగు కుర్రాడు డాక్టరమ్మను తీసుకెళ్ళాడు. కనుమ ముందు వెనక్కి తిరిగొచ్చాడు. గంట ఆగి, మబ్బు విడిచాక మళ్ళీ వెళ్ళాడు. పెట్రోలు రెండింతలు అయింది. మేనేజర్ బిల్లు మీద సంతకం పెట్టేశాడు.

జూలై 6, ఆదివారం

భోజనానికి అన్నయ్య ఇంటికి వెళ్ళలేదు. వదినే ఫోన్ చేసింది. ఎందుకు రాలేదు, ఆయన నీ కోసం కూర్చుని అన్నం చల్లార్చుకున్నాడు అంది. నా మీద కోపం లేదా అని అడిగాను. ఉందట. అయినా కంచం పెట్టమన్నాడట.

జూలై 10, గురువారం. సాయంత్రం

అన్నయ్య ఇంట్లో ముగ్గురం వసారాలో కూర్చున్నాం. కొండల వైపు నుంచి విమానం తిరిగొస్తూ ఇంటి మీదుగా వెళ్ళింది. మబ్బులో కనపడలేదు. ఎంత ఎత్తులో ఉందండీ అని వదిన అడిగింది.

అన్నయ్య ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా విన్నాడు.

నాకు తెలియదు అన్నాడు.

వదిన తన కుర్చీని ఆయన పక్కకి జరుపుకుంది.