తెర మీది టీచరమ్మ

మక్తల్,
2024 జూన్ 2.

నిరోష బాపుకు,

నీ నవనీత రాస్తున్నది. అందరం బాగున్నం. ఫోన్ల చెప్పరాదా, గీ ఉత్తరమేంది అనుకుంటవ్. ఫోన్ చేస్తే ఇక్కడ అత్తమ్మ పక్కనే కూసుంటది, అక్కడ నీ వెనక మిషిన్ల మోత. గీ ముచ్చట మధ్యల ఆగితే మళ్ల చెప్పనీకె నాకు ధైర్యం చాలదు. మన ఊరి పర్వతాలు రేపు పూణెల మీ సైటుకే వస్తున్నడంటే ఆయన చేతికిచ్చిన.

టీవీల మన నిరోషకు సైగలు నేర్పే టీచరమ్మ వస్తలేదు. టీవీ మంచిగనే వెలుగుతాంది, కేబుల్ మీద అత్తమ్మ సీరియళ్లు అన్నీ వస్తున్నయి. మనం నెట్టు మీద పెట్టుకునే వీడియోల యాప్ ఒక్కటే బందైంది. ఎనిమిది దినాల కింద పొద్దున బిడ్డ రిమోట్ వత్తంగనే నల్ల తెర మీద ఇంగ్లీషుల ఏందో రాసొచ్చింది. పక్కింటి అండాలును పిలిచి సదివిపిచ్చిన. "అక్కా, గీ టీవీకి గా యాప్ ఇంక రాదంట" అన్నది. టీవీలు బాగుచేసే దివాకర్ వచ్చి అంత తిప్పి చూసిండు. "టీవీల ఖరాబేం లేదమ్మా. పాత మోడలని కంపెనీ వదిలేసింది, కొత్త అప్డేట్లు పంపుతలేదు. వెనక ఒక చిన్న స్టిక్ పెడితే మళ్ల అన్నీ వస్తయి" అన్నడు.

గా స్టిక్ పంపుమని రాద్దామనే కూసున్న. రాయబోయి ఆగిన. ఎందుకాగిన్నో చెప్పనీకే గీ ఉత్తరం.

నీకు ఎరుకనే గదా, నేనూ బిడ్డా మూడేండ్ల సంది గామె ముందట కూసొని సైగలు నేర్చుకుంటున్నం. అన్నం, నీళ్లు, నొప్పి, భయం, రేపు, నిన్న, అన్నీ గామె పెట్టిన భిక్షే. మన బిడ్డకు చెవులు వినరాకున్నా గామె వల్లనే ఇంట్ల ఒక భాష వచ్చింది. అత్తమ్మ మాత్రం "చేతులాడించుడేందే, నలుగురు చూస్తే నవ్వుతరు" అని మొఖం తిప్పుకుంటది. అంటే బిడ్డ మాట్లాడేది ఇద్దరితోనే, నాతోని, తెరతోని.

యాప్ బందైన రోజు ఊకున్నది. రెండో రోజు తెర ముందట నిలవడి "దా, దా" అని సైగ చేసింది. మూడో రోజు చేతులు జోడించి, గుండె మీద చెయ్యి పెట్టి, టీచరమ్మ నేర్పినట్టే "తప్పైంది" అన్నది. ఒక్కసారి గాదు. గంట సేపు. తానేదో తప్పు చేస్తే టీచరమ్మ అలిగి పోయిందనుకున్నది. నేను పోయి గట్టిగ పట్టుకుంటే నన్ను తోసేసి మళ్ల తెర ముందటికే ఉరికింది.

అప్పుడు తెల్సింది నాకు. గామె చెప్తది, బిడ్డ చూస్తది. బిడ్డ చెప్తే గామె చూడది. మూడేండ్లల్ల ఒక్కనాడు కూడ చూడలేదు. ఎనిమిదేండ్ల పిల్ల, అద్దంల ఉన్న మనిషికి మొక్కుకుంటాంది.

ఇప్పుడు అసలు మాట రాస్తున్న. కోపం చేస్తే చెయ్యి.

దానికి ఐదేండ్లప్పుడు అంగన్‌వాడి సత్తమ్మ పాలమూరుల వినరాని పిల్లల బడి ఉన్నదని, హాస్టల్ సుత ఉన్నదని కాయితం తెచ్చిచ్చింది. నీకేమో సీట్లు లేవన్నరని చెప్పిన. అబద్ధం. సీట్లున్నయి. గా కాయితం నా చీరల పెట్టె అడుగున ఇప్పటికీ ఉన్నది.

అంత చిన్నపిల్ల ఒక్కతే ఎట్లుంటదని ఆపిన అనుకున్న. అది సుత అబద్ధమే. నువ్వు ఏడాదికి రెండుసార్లు వస్తవ్. గీ రెండు అర్రల ఇంట్ల అత్తమ్మకూ నాకూ దినమంత కలిసి నాలుగు మాటలుండవు. నేను గడప దాటేది రేషన్‌కు, దవాఖానకు. బిడ్డ సుత పోతే గీ గోడల నడుమ నేను ఎవ్వరితోని బతకాలె? నాకు తోడు కావాలని దాన్ని ఇంట్ల కట్టేసిన. నీ బిడ్డకు బడి లేకుండ చేసింది నేనే.

చెప్పిన. ఇంక నీ ఇష్టం.

నీ
నవనీత

*

పూణె,
జూన్ 9.

నవనీతకు,

పర్వతాలు ఉత్తరమిచ్చిండు. సదివిన. నీ మీద కోపం లేదు. నువ్వు ఒక్కదానివే తప్పు నెత్తిన పెట్టుకుంటివి, నేను నోరు మూసుకొని ఉంటే మనిషినెట్లయిత?

సీట్లున్నయని నాకు అప్పుడే తెల్సు. సత్తమ్మ నాకు ఫోన్ చేసి "ఎందుకు తోలలే సురేశ్, జాగా ఉన్నది గదా" అని అడిగింది. నువ్వు అబద్ధం చెప్పినవని తెల్సి సుత అడగలే. నేనొచ్చిన నాడు బస్టాండుల నా కాళ్లకు సుట్టుకునే పిల్ల హాస్టల్ల ఉంటే నేను ఊరికొచ్చి ఏం చూడాలె అనుకున్న. అందుకే ఇక్కడ ఆఫీసుల తీసేస్తున్న టీవీని అడిగి, బస్సు మీదేస్కొని తెచ్చిన. ఇంట్లనే సైగలు వస్తే ఇంక బడి ముచ్చట ఎవ్వరు ఎత్తరని. బిడ్డ కోసం తెచ్చినవని నువ్వు సంబురపడితే, అవునన్న.

స్టిక్ పంపను. సెలవు అడిగిన, పద్నాలుగుకు వస్త. కాయితం బయటికి తియ్యి. ముగ్గురం పోదాం. అమ్మకు నేను చెప్త.

సురేశ్

*

మక్తల్,
ఆగస్టు 18.

నిరోష బాపుకు,

మొన్న ఫోన్ల చెప్పిన చెయ్యి నొప్పి తగ్గిందా? నిన్న పాలమూరు పోయొచ్చిన. ఒక్కదాన్ని గాదు, అత్తమ్మ సుత వచ్చింది. "నా మనుమరాలు ఏం తింటాందో నేను చూడొద్దా" అని పొద్దున్నే సకినాల డబ్బ సంకల పెట్టుకొని గడపల నిలవడ్డది.

బిడ్డను చేర్పించి నువ్వు పూణె బస్సెక్కినంక రెండు నెలలు ఎట్ల గడిచినయో నాకే ఎరుక. హాస్టల్ గేటు కాడ నా కొంగు ఇడువనని అది ఏడ్సిన ఏడుపే కండ్లల్ల. ఇల్లు బావిలెక్కనే అయింది. అన్నం ఇద్దరికి వండుకునుడు, మొఖాలు చూసుకునుడు. స్టిక్ కొనుక్కుంటే బిడ్డ వాపసు వస్తదేమో అని సుత ఒకనాడు దివాకర్ దుకాణం దాంక పోయి మళ్లొచ్చిన. నీకు ఫోన్ల చెప్పలే.

నిన్న మేం పోయేసరికి పిల్లలను అన్నాలకు ఇడిసిండ్రు. వరండల పది మంది ఆడపిల్లలు. మనది నడుమ నిలవడి చేతులు తిప్పుతాంది, నేను అంత వేగం ఎన్నడు చూడలే. నాకొచ్చిన సైగలు నాలుగైదు దొరికినయి, మిగిలినయి ఒక్కటి సుత అర్థం కాలే. ఎదురుంగ పిల్లలు కడుపు పట్టుకొని నవ్వుతున్నరు. ఒక పిల్ల నడుమల అడ్డమొచ్చి ఏదో అన్నది, మనది దాని చేతులు పట్టుకొని ఆపి, "ఆగు, నేను చెప్తున్న" అన్నది. గది అర్థమైంది నాకు. నిలవడ్డకాడనే ఏడుపొచ్చింది.

"ఏమంటాందే?" అని అత్తమ్మ అడిగింది.

"నాకు సుత తెల్వది అత్తమ్మా" అన్న.

బడి టీచరమ్మ నవ్వుకుంట వచ్చి చెప్పింది. "వాళ్ల అవ్వ బర్రెను ఎట్ల తిడ్తదో చేసి చూపెడ్తుందమ్మా." నిజమే, నడుము మీద చెయ్యి, మూతి వంకర, అచ్చం అత్తమ్మనే. అత్తమ్మ "ఓసి నీ పాడుగాను!" అని ఉరికింది. అది అవ్వను చూసి వచ్చి మెడకు యాలాడింది. సంకలకెళ్లి దిగకుండనే అవ్వ చేతిని పట్టుకొని 'అవ్వ' అనే సైగ ఎట్ల చెయ్యాల్నో నేర్పింది. అత్తమ్మ చేసింది. వరండ నిండ పిల్లలు చూస్తుండంగనే చేసింది. బస్సుల వచ్చేటప్పుడు దారి పొడుగున నాతోని మాట్లాడుకుంటనే వచ్చింది.

శనివారం శనివారం తల్లులకు సుత సైగలు నేర్పుతరంట. నేను పేరిచ్చిన. వారానికొకసారి పాలమూరు బస్సెక్కుత.

ఇంకొక మాట. మేం బయలెల్లంగ టీచరమ్మ నన్ను పక్కకు పిలిచింది. బిడ్డకు ఏమైనా అయిందేమో అనుకున్న. "నిరోష క్లాసుల ముచ్చట్లు ఆపుతలేదమ్మా. పక్కోళ్లను సుత సదువుకోనిస్తలేదు. మస్తు వాగుడు. జర మీరన్న చెప్పుండ్రి" అన్నది.

చెప్తనని తలకాయ ఊపిన.

చెప్పలే.

నీ
నవనీత