యాక్టివేషన్ అడిగితే ముట్టను!

సోమవారం
ఒట్టు వేశాను. ఇంటర్నెట్‌లో యాక్టివేషన్ అడిగే గేమ్ ఇక జన్మలో ముట్టను!

నిన్న కార్ల రేసు గేమ్ తెరిస్తే, "ఇది కొత్త కంప్యూటర్. మీ యాక్టివేషన్లు అయిపోయాయి" అంది. కొన్న గేమే అయినా కొత్త కంప్యూటర్లో వేసిన ప్రతిసారీ కంపెనీ అనుమతి కావాలి, అదీ ఇన్నిసార్లేనని లెక్క. కొత్తదేమిటి, నా మొహం! కంప్యూటర్లు బాగుచెయ్యడమే నా పని. బేరాల్లేనప్పుడు నా దాంట్లోనే ఏదో ఒక భాగం మారుస్తుంటాను. పాడై కాదు, చెయ్యి ఊరుకోక. మార్చినప్పుడల్లా ఆ గేమ్‌కి నేను పరాయివాణ్ణట. సొమ్ము నాది, పెత్తనం వాడిది!

దుకాణంలో బోర్డు పెట్టేశాను: "యాక్టివేషన్ గేములు ఇక్కడ వేయబడవు."

మంగళవారం
ప్రాణం హాయిగా ఉంది. అటక మీది పాత గేముల డిస్కులు దించాను. వీటికి ఎవడి అనుమతీ అక్కర్లేదు!
మొదటిది: నిండా గీతలు.
రెండోది: విరిగింది.
మూడో డబ్బాలో మా ఆవిడ పాటల డిస్కు. అదే విన్నాను. ఇదీ వినోదమే కదా.

బుధవారం
బావమరిది వచ్చి బోర్డు చదివాడు.
"నా డిస్కు పోయినా అకౌంట్లోంచి గేమ్ మళ్ళీ దింపుకుంటాను బావా. దొంగ కాపీలూ తగ్గుతాయి. తప్పేముంది?"
"రేపు ఆ కంపెనీ మూతపడితే?"
"ఈ బోర్డుంటే ముందు నీ దుకాణం మూతపడుద్ది."
వాడికి టీ ఇప్పించలేదు.

గురువారం
హాస్టల్ నుంచి అమ్మాయి ఫోన్. "నాన్నా, శనివారం వస్తున్నా. మన ఆఖరి రేసు ఉంది కదా, నువ్వొక్కడివే ఆడేస్తే ఊరుకోను!"
పోయిన సెలవుల్లో ఇద్దరం ఆఖరి రేసు దాకా వచ్చి ఆగాం. కాలేజీలో చేరాక మిగతా కబుర్లన్నీ వాళ్ళమ్మతోనే. నాకు మిగిలింది ఈ గేమ్ ఒక్కటే.
"రా తల్లీ, ఆడదాం" అనేశాను. చచ్చాను!

శుక్రవారం
నేను ముట్టకూడదు సరే, అమ్మాయి ముట్టొచ్చుగా? కంపెనీకి ఫోన్ చేశాను.
"ఇన్ని కంప్యూటర్లలో వేశారేంటి సార్, షాపేమైనా నడుపుతున్నారా?"
"అవునమ్మా, షాపే" అన్నాను గర్వంగా. నా నోటికి తాళం వెయ్య! ఒకే డిస్కు ఊరందరికీ వేసే దొంగననుకుంది. నా ఒక్క కంప్యూటర్లోనే భాగాలు మారుస్తుంటానని చెప్పాక, డిస్కూ బిల్లూ పట్టుకుని ఫొటో దిగి పంపమంది. నవ్వుతూ దిగాను, పంపాను. తర్వాత చూసుకుంటే నా తల వెనకే బోర్డు, ప్రతి అక్షరం స్పష్టంగా!

శనివారం
జవాబొచ్చింది! "ఈ ఒక్కసారికి ఇస్తున్నాం. ఇక భాగాలు మార్చకండి. మీ బోర్డు చూసి మా ఆఫీసంతా నవ్వుకున్నాం."
ఒట్టు తీసి గట్టున పెట్టాను. బోర్డు అటకెక్కింది.
ఆఖరి రేసు ఓడిపోయాం. నా వల్లే. అమ్మాయి నా వీపు మీద చరిచి, "వచ్చే సెలవుల్లో గెలుద్దాం నాన్నా, దీన్ని జాగ్రత్తగా ఉంచు" అంది. కళ్ళు చెమర్చాయి. దుమ్ము పడిందన్నాను.

ఆదివారం
అమ్మాయి వెళ్ళిపోయింది. ఇల్లు బోసిపోయింది. ఏమీ తోచలేదు. కంప్యూటర్ కొంచెం చప్పుడు చేస్తున్నట్టు అనిపించింది.
మా ఆవిడ వచ్చి బల్ల మీది స్క్రూలు చూసింది, నన్ను చూసింది. స్క్రూడ్రైవర్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది.
రేపటి నుంచి గట్టి ఒట్టు: ఈ ఒక్క గేమ్ తప్ప, యాక్టివేషన్ అడిగేది ఏదీ ముట్టను. నా కంప్యూటర్‌నీ ముట్టను.
విప్పినవి బిగించడానికి ఆ తాళంచెవి ఎలా అడగాలో ముందు ఆలోచించాలి.