బార్నబీ గూట్లో వేడినీళ్ళ సంచి

స్కిప్టన్,
9 మార్చి 2019

డోరీన్ అక్కకు,

చెల్లెలు విన్నీ ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. బార్నబీ కూడా క్షేమం. ఈ రెండో మాట రాయగలనా లేదా అని ఆరు వారాలు ఏడ్చాను, అందుకే ముందుగా రాసేస్తున్నాను. నువ్వూ, నీ మోకాళ్ళూ బాగున్నారని తలుస్తాను.

ఆరేళ్ళుగా మన మధ్య క్రిస్మస్ కార్డు మీద సంతకం తప్ప మాటల్లేవు. అమ్మ పోయి ఆవిడ తాబేలు బార్నబీ నాకు దక్కిన రోజున, నీ చేతిలో అది బతకదే అని గుమ్మంలో నిలబడి మరీ అనేసి వెళ్ళావు. జనవరి చివర్లో బార్నబీ తిండి మానేసింది. అప్పట్నుంచీ నీ మాటే నా చెవుల్లో మోగుతూ ఉంది.

నేనేం లోటు చెయ్యలేదక్కా! ముందుగదిలో సోఫా తీయించేసి బల్లంత గూడు కట్టించాను. పగలు ఎండదీపం, దాని కింద ముప్పై రెండు డిగ్రీలు. రాత్రికి వెలుగు లేని హీటరు, వేడి పద్దెనిమిదికి తగ్గితే దానంతటదే పనిచేసేది. అయినా ముక్కు కారుతుంది, కళ్ళు తెరవదు. డాక్టరమ్మ చూసి, దీనికి చలి తగులుతోంది అంది. నాకు ఒళ్ళు మండింది. నేను స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుంటే అది మహారాజులా వెచ్చగా పడుకుంటోంది, ఇంకా చలేమిటమ్మా అన్నాను. ఇంకో వారంలో తినకపోతే గొట్టం వేసి తినిపించాలి, ఆ వయసుకు తట్టుకుంటుందో లేదో చెప్పలేను అంది. బార్నబీని ఒళ్ళో పెట్టుకుని ఇంటికొచ్చాను.

పక్కింటి క్లెగ్, కరెంటు పని చేసి రిటైరైన మనిషి, టీకి వచ్చి గూట్లోకి తొంగి చూశాడు. అవతలి మూల ఎంత వేడుందో చూశావా విన్నీ అన్నాడు. తాబేళ్ళ వైద్యం ఎప్పుడు నేర్చావయ్యా అని గద్దించాను. రాత్రి ఎంతవరకు చల్లబడిందో గుర్తుపెట్టుకునే థర్మామీటరొకటి ఆ మూల పెట్టి పోయాడు. తెల్లారి చూద్దుం గదా, తొమ్మిది!

తప్పు నాదేనక్కా. రోజూ పడుకోబోయే ముందు వేడినీళ్ళ సంచి ఒకటి, నేనల్లిన ఉన్ని తొడుగుతో సహా, గూట్లో దోపేదాన్ని. అమ్మ మన పక్కలో పెట్టేది చూడు, అలాగ. అది సరిగ్గా హీటరుకు వేడి కొలిచి చెప్పే తీగ మీద పడేది. సంచి వేడి చూసి తీగ గూడంతా వెచ్చగా ఉందనుకుని హీటరును ఆపేసేది. బార్నబీ అవతలి మూల రాయిలా పడి ఉండేది. తాబేలును గాలికొదిలేసి తీగకు పక్క వేశావు కదే తల్లీ అని క్లెగ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను మాత్రం కుర్చీలో కూలబడి ఏడ్చాను.

సంచి తీసేశాం. తీగను బార్నబీ పడుకునే మూలకు కట్టాం. ఇక తొమ్మిది లేదు, పదీ లేదు. ఐదో రోజు పొద్దున టోస్టు కాలుస్తుంటే ముందుగదిలో కరకర! పరిగెత్తాను. రెండు కళ్ళూ తెరిచి డాండెలియన్ ఆకు నములుతోంది. ఇంకోటి అందిస్తే ఆకుతో పాటు నా వేలూ కొరికింది. రక్తం వచ్చింది. అంత సంతోషంగా నేనెప్పుడూ కరిపించుకోలేదు! క్లెగ్‌కు కేకు పెట్టాను, రెండు ముక్కలు తిని మూడోది కోటు జేబులో వేసుకుని పోయాడు.

చూశావుగా, నా చేతిలో బతికింది.

ఇట్లు,
నీ మీద ఇంకా కాస్త కోపం మిగిలున్న చెల్లెలు,
విన్నీ

తా.క.: కోపం ఏమీ లేదు, ఉన్నది సిగ్గు. పోయే ముందు రోజు అమ్మ నా చెయ్యి పట్టుకుని, బార్నబీని డోరీన్‌కివ్వు, పెంచడం పెద్దదానికే తెలుసు అంది. నాకే ఇచ్చిందని అందరికీ చెప్పాను. అమ్మ లేని ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేక అబద్ధమాడానక్కా. బార్నబీ నీదే, వచ్చి తీసుకుపో. అయితే మే నెల దాకా దాన్ని చల్లగాలిలో కదిలించొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కాబట్టి వచ్చేటప్పుడు రెండు నెలలకు సరిపడా బట్టలు తెచ్చుకో.