తాత గది ఊడవకమ్మా

అమ్మా, నా ఒంట్లో బాగానే ఉంది, కంగారుపడకు. జబ్బు చేసిందల్లా తాత వాయించుకోమని ఇచ్చిన జిల్‌కే. శనివారం నేను లేనప్పుడు, హాస్టల్లో నాతో ఉండే సెర్వా గదంతా కడిగి, జిల్ చెక్కల కింద వేలాడే సొరబుర్రల్ని కూడా తడిగుడ్డతో తుడిచేసింది. "ఎం.ఏ. సంగీతం చదివేదానివి, ఇంత బూజు పట్టించావేమిటే!" అని పైగా నాకే చీవాట్లు. జుమ్మని మోగాలని బుర్రల బెజ్జాలకి తాత అంటించిన సాలీడు గుడ్ల పొరలన్నీ పోయాయి. అంత కష్టపడిన పిల్లని ఏమనను? ప్లాస్టిక్ కాగితం అంటించుకుని క్లాసుకెళ్ళాను. నాలుగు చెక్కలు మోగించానో లేదో, మన లావ్రా నుంచి వచ్చిన దబువో మేష్టారు చెయ్యెత్తి, "ఏమ్మా, నీ జిల్‌కి పడిశం పట్టిందా? ముక్కు మూసుకుపోయిందే!" అన్నారు. ఆ జుమ్మనే మోత లేకపోతే పాసవడం కల్లేనట. మా చివరి పరీక్ష అంటే కచేరీయే. పందొమ్మిదో తేదీన.

నల్లమేక ఈనిందా? షియా వెన్న అయిపోయింది, పంపు. అసలు సంగతి, పండక్కని తాత గది ఊడ్చేశావా? ఊడవకపోతే చీపురు అటు తీసుకెళ్ళకు. గోడమీద తెల్లటి బిళ్ళల్లాంటి పొరలుంటాయి. చాకుతో మెల్లగా తీసి, అగ్గిపెట్టెలో పెట్టి బస్సు డ్రైవరుకివ్వు. నాన్నకి నా దణ్ణాలు.

నువ్వు చీపురు పట్టినప్పుడల్లా తాత గుమ్మానికి అడ్డంగా కూర్చునేవాడు. బద్ధకమని తిట్టుకునేవాళ్ళం. ఆయన పోయి రెండేళ్ళయిందని ఆ సాలీళ్ళకి ఎవరూ చెప్పలేదమ్మా. ఇంకా ఆయన కోసమే అల్లుతున్నాయి.

నీ పెర్పెటువా